ముందు పాడినవాళ్ల పేర్లు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంగీతం పేజీలో అమెరికన్ గిటారిస్టు, గాయకుడు రై కూడర్ ఆల్బమ్ "బాప్ టిల్ యు డ్రాప్" మీద వేసిన పరిచయం, ఆ తర్వాత వచ్చిన పాఠకుల ఉత్తరాలు అన్నీ చదివాను. సొంత పాటలు రాయడం చేతకాక పక్కవాళ్లవి పాడుకున్నాడని ఒకాయన తీసిపారేశారు. ఇంకొకరికి సౌండ్ నచ్చలేదు, మరీ పొడిగా, పలచగా ఉందట. నచ్చినవాళ్లేమో గిటార్ దగ్గరే ఆగిపోయారు. ఇంతమంది ఇన్ని రాశారు గానీ, ఆ పాటలు రాసిందెవరు, ముందుగా పాడిందెవరు అన్న సంగతి ఒక్కరూ ఎత్తలేదు. మీ సమీక్షకుడు కూడా "పాత ఆర్ అండ్ బీ పాటలు" (రిథమ్ అండ్ బ్లూస్, అంటే అమెరికా నల్లజాతివాళ్ల పాప్ సంగీతం) అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నా గొడవ దాని గురించే.

సౌండ్ సంగతి ముందు తేల్చేస్తాను. 1979లో వచ్చిన ఈ ఆల్బమ్‌కి పాప్ సంగీతంలో డిజిటల్‌గా రికార్డయిన తొలి పెద్ద ఆల్బమ్ అని పేరుంది. అప్పటికి సీడీలు లేవు కాబట్టి డిజిటల్‌గా తీసింది కూడా ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు) మీదే అమ్మారు. కొత్త యంత్రం, దాని పోకడలు ఇంకా ఎవరికీ అలవాటు కాలేదు. కాబట్టి పొడిగా ఉందన్న మాటతో నాకు పేచీ లేదు.

పేచీ అంతా "సొంతం కాదు" అన్నదాంతోనే. తొమ్మిది పాటల్లో ఎనిమిది కవర్లే, అంటే ముందు వేరేవాళ్లు పాడినవే, నిజమే. అయితే "ఐ థింక్ ఇట్స్ గోయింగ్ టు వర్క్ అవుట్ ఫైన్" అనే పాట ఒక్కటి తీసుకోండి. 1961లో అమెరికన్ గాయక జంట ఐక్, టీనా టర్నర్ల పేరు మీద వచ్చినప్పుడు అది ఆడా మగా ఒకరికొకరు మాట అందించుకుంటూ, మధ్యలో ఆటపట్టించుకుంటూ పాడిన పాట. కూడర్ అందులోంచి మాటలన్నీ తీసేసి, నడక బాగా తగ్గించి, ఆ గొంతు పలకాల్సినదంతా స్లైడ్ గిటార్ (తీగల మీద గొట్టం జార్చి వాయించే పద్ధతి) చేత పలికించాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని విన్నాక కూడా ఇందులో ఆయన సొంతం ఏమీ లేదనగలిగితే సరే, నేనింక వాదించను. త్యాగరాజ కృతి పాడే విద్వాంసుణ్ని సొంత కృతి రాయలేదేమని మనం ఎప్పుడైనా నిలదీశామా? ఎలా పాడాడో చూస్తాం, అంతే. పైగా త్యాగరాజస్వామి తన పేరు చరణంలోనే పెట్టుకున్నారు, ఎవరు పాడినా ఆ పేరు పలకక తప్పదు.

ఆర్థర్ అలెగ్జాండర్‌కి ఆ సౌకర్యం లేదు. ఈ ఆల్బమ్‌లోని "గో హోమ్, గర్ల్" ఆయన రాసి పాడిన పాట. బీటిల్స్, రోలింగ్ స్టోన్స్ కూడా ఆయన పాటలు పాడి రికార్డు చేశారు, అయినా ఆయన సంగీతం మానేసి క్లీవ్‌లాండ్‌లో బస్సు నడుపుకున్నాడు. 1993లో కొత్త ఆల్బమ్‌తో తిరిగొచ్చి అదే ఏడాది పోయాడు. ఇదే ఆల్బమ్‌లో ఉన్న "లుక్ అట్ గ్రానీ రన్ రన్" పాటని 1966లో హిట్ చేసిన హోవర్డ్ టేట్ కథ ఇంకా అన్యాయం. బీమా పాలసీలు అమ్మాడు, తర్వాత మత్తుమందులకు అలవాటుపడి వీధిన పడ్డాడు, 2001 దాకా ఆయన ఎక్కడున్నాడో సంగీతలోకానికి తెలియదు.

ఈ ఇద్దరికీ ఒక తేడా ఉంది. అమెరికా చట్టంలో కవర్ పాట మీద రాయల్టీ పాట హక్కుదారులకే, అంటే రాసినవాళ్ల వైపుకే వెళ్తుంది. ముందు పాడిన గాయకుడికి ఆ కవర్ మీద పైసా రాదు. అక్కడి మామూలు రేడియోలో ఆయన సొంత రికార్డు వేసినా అంతే, గాయకుడికి ఏమీ ఇవ్వక్కర్లేదు. అలెగ్జాండర్ పాట రాశాడు కాబట్టి కనీసం హక్కంటూ ఉంది. టేట్ కేవలం పాడాడు, అందుకని ఆ హక్కు కూడా లేదు. ఇక ఫోన్‌లో వింటే పాట కింద కూడర్ పేరు ఒక్కటే కనిపిస్తుంది. మూడు చుక్కలు నొక్కి లోపలికెళ్తే రాసినవాళ్ల పేర్లు ఉంటే ఉంటాయి, ముందు పాడినవాడి పేరు మాత్రం అక్కడా దొరకదు.

మన దగ్గర ఇంకో విచిత్రం. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలోకి వచ్చిన 31సి సెక్షన్ కింద కవర్ చేస్తే, అది కవర్ అని పైన రాయాలి గానీ పాత రికార్డు పాడినవాళ్ల పేరు మాత్రం అట్ట మీద వేయకూడదు. అసలు రికార్డే అనుకుని జనం కొనేస్తారన్న భయంతో పెట్టిన నిబంధన అది, అర్థం చేసుకోదగ్గదే. కానీ అట్ట మీద వేయకూడదు, యాప్‌లో కనిపించదు, సమీక్షలోనూ రాకపోతే ఇంకెక్కడ తెలుస్తుంది చెప్పండి? ఆకాశవాణి వాళ్లు సినిమా పాట వేసేముందు రచన ఫలానా, సంగీతం ఫలానా, గానం ఫలానా అని చెప్తూనే వచ్చారు, దానికి పట్టే టైమెంత?

కాబట్టి నేను అడిగేదొక్కటే. కవర్ ఆల్బమ్ గురించి రాసిన ప్రతిసారీ ఒక్కో పాటకి రాసిందెవరు, ముందు పాడిందెవరు, ఏ సంవత్సరం అనే మూడు వివరాలు ఓ చిన్న బాక్స్‌లో వేయండి. దీనికి స్థలం చాలకపోతే సమీక్షలో పొగడ్త కొంచెం కోసేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశాఖపట్నం