ఆంధ్ర మహాసభ అధ్యక్షోపన్యాసాల జాడ తేల్చండి

తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్ సంచాలకుల వారికి నమస్కారాలు.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదలై, 1944లో రావి నారాయణరెడ్డి గారి అధ్యక్షతన జరిగిన భువనగిరి సభలో చీలిపోయిన, నిజాం రాష్ట్రంలోని తెలుగువారి సంస్థ ఆంధ్ర మహాసభ గురించి పోటీ పరీక్షల పుస్తకాలన్నిటిలోనూ ఊరు, ఏడు, అధ్యక్షుని పేరు గల పట్టిక ఒకటి ఉంటుంది. ఆ అధ్యక్షులు ఏం మాట్లాడారో చదవాలనుకునేవారికి ఆ పట్టిక దగ్గరే దారి ఆగిపోతోంది. 1931 దేవరకొండ సభలో బూర్గుల రామకృష్ణారావు గారి, 1935 సిరిసిల్ల సభలో మాడపాటి హనుమంతరావు గారి ఉపన్యాసాల పూర్తి పాఠం కోసం నేను రెండేళ్లుగా తిరుగుతున్నాను. ఒక గ్రంథాలయంలో కార్డు ఉంది, పుస్తకం లేదు. మరొకచోట నాలుగు చిన్న పుస్తకాలను కలిపి బైండు చేసి, మొదటిదాని పేరే అట్టమీద రాయడంతో తక్కిన మూడూ జాబితాకెక్కలేదు.

సభ జరుపుకోవడానికి సర్కారు అనుమతి తప్పనిసరి చేసిన గస్తీ నిషాన్ 53 అనే నిజాం సర్కారు ఉత్తర్వు ఆనాటి జనానికి సంకెలే గాని, ఈనాడు వెతికేవారికి అదే ఆధారం కావచ్చు. అనుమతి కోరితే దరఖాస్తు, దానిపై విచారణ, దానికొక దస్త్రం ఉండి తీరాలి. నిజాం సర్కారు లెక్క ఫస్లీ అనే రెవెన్యూ సంవత్సరాలది, రాత ఉర్దూది కాబట్టి 1930 అని వెతికేవారికి 1339 కింద ఉన్న కాగితం కనబడదు. అయితే పోలీసులు రాసుకున్న సారాంశాన్ని ఉపన్యాసమని చలామణీ చేయకుండా, దాన్ని అచ్చయిన పాఠం పక్కన వేరుగా చూపాలి.

స్కానింగ్ తరవాతి సంగతి. మీ వద్ద, శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం గ్రంథాలయంలో, గోలకొండ పత్రిక పాత సంచికల్లో ఏ ఉపన్యాసం ఎంతమేరకు ఉందో చెప్పే ఉమ్మడి జాబితాను ముందు వెలువరించండి. దొరకనివాటికి ఖాళీ గడి ఉంచితే, ఇళ్లలో ప్రతులు దాచుకున్న కుటుంబాలకు ఏది కావాలో తెలుస్తుంది. ప్రతాపరెడ్డి గారు 1953లో మరణించారు కనుక, అరవై ఏళ్ల కాపీరైటు గడువు ముగిసిన ఆయన ఉపన్యాసంతోనే ప్రచురణ మొదలుపెట్టవచ్చు.

జోగిపేటలోనే నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. పట్టికల్లో తరచు జారిపోయే ఆ ఉపన్యాసానికి కూడా మొదటి పుటలోనే ఒక గడి కేటాయించవలసిందిగా ప్రార్థన.

భవదీయుడు,
ఒక పాఠకుడు