హేమకు, బండి గురించి

తిరుపతి,
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి హేమకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాలు ఎప్పటిలాగే ఉంది. బుజ్జిగాడు కొత్త బడిలో కుదురుకున్నాడు. నువ్వు పంపిన ఇంజను శబ్దం పది పన్నెండుసార్లు విన్నాను. ఫోనులో చెబితే రెండు నిమిషాల పని. మూడు వారాలుగా నువ్వు ఎత్తడం లేదు కనుక ఉత్తరం రాస్తున్నాను. కోపంతో కాదు.

రేజ్ చేస్తే బండి నడుస్తోంది, చేయి వదిలితే కుంటుతూ ఆగిపోతోంది. అంతే కదా? యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పుడు పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్‌లో, పైలట్ జెట్ అనే సన్నని రంధ్రం గుండానే పెట్రోలు రావాలి. బండి నెలల తరబడి నిలబడితే పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది. మొదట పూడేది ఆ రంధ్రమే. పైగా ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్, అది తేమను పీలుస్తుంది. మన యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది, దాని రబ్బర్లు ఈ పెట్రోలును ఎరగవు. ఇంతకీ బండి నిలబడిపోవడం ఏమిటి? రోజూ ఆఫీసుకు దాని మీదే వెళుతున్నానన్నావు కదా.

సరే, ముందు చల్లని ఇంజను స్టార్టు చేసేటప్పుడు వాడే చోక్ పూర్తిగా మూసుకుంటోందో లేదో చూడు. తర్వాత కార్బొరేటర్ అడుగున ఉన్న గిన్నె విప్పి పెట్రోలును గాజు గ్లాసులో పోయి. నీళ్లుంటే అడుగున వేరుగా కనిపిస్తాయి. (కాఫీ తాగే గ్లాసు వద్దు.) స్పార్క్ ప్లగ్ విప్పి రంగు చూడు. కాఫీపొడి రంగైతే దిగులు లేదు. నల్లగా తడిగా ఉంటే పెట్రోలో ఆయిలో ఎక్కువవుతోంది, సున్నంలా తెల్లబడితే గాలి ఎక్కువవుతోంది. పైలట్ జెట్‌ను గాలితో ఊదించు. పిన్నీసుతో పొడిచావంటే రంధ్రం పెద్దదై కూర్చుంటుంది.

నాకు మాత్రం గాలి మీదే అనుమానం. నీ క్లిప్పులో చేయి వదిలాక కూడా వేగం వెంటనే దిగలేదు, కాసేపు వేలాడి అప్పుడు దిగింది. సరిగ్గా ఆ చోటే వెనకనుంచి కుక్కరు మూడు విజిళ్లు వేసింది. మంగళవారం పగలు పదకొండు గంటలు. సెలవు పెట్టావేమో. జ్వరమా?

1998లో కాణిపాకం వెళ్లిన సంగతి నీకు గుర్తుండదు, ఏడాదిన్నర పిల్లవి. అప్పుడూ ఇదే రోగం. ఇక్కడ ఒకతను ప్లగ్ మార్చాడు, ఒకతను కార్బొరేటర్ కడిగాడు, మూడో అతను పిస్టన్ ఆడే బోరు పోయిందన్నాడు. బోరు చేయించడానికి మీ అమ్మ చీటీ డబ్బు తీయడానికి సిద్ధమైంది కూడా. మొక్కు ఆగదని ఆ కుంటి బండి మీదే బయలుదేరాం. చంద్రగిరి దాటేలోపు నాలుగుసార్లు ఆగింది. పాకాలలో ఇక కదలనంది. చింతచెట్టు కింద ఒక ముసలి మెకానిక్ టీ తాగుతున్నాడు. గ్లాసు పూర్తిచేసి గాని లేవలేదు. లేచి స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు, కోడి ఈక తెచ్చాడు. దాన్ని ఆయిల్లో ముంచి, కార్బొరేటర్‌ను ఇంజనుకు కలిపే రబ్బరు చుట్టూ రాశాడు. అడుగువైపు రాయగానే దగ్గుతున్న ఇంజను నెమ్మదించి నిలబడింది. రబ్బరును వంచితే గాని కనబడని వెంట్రుకంత పగులు! సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, డబ్బు తిరిగొచ్చేటప్పుడు ఇవ్వమన్నాడు. నువ్వేమో ట్యాంకు మీద తల వాల్చి కాణిపాకం దాకా నిద్ర. అంతకుముందు బండి ఆగినప్పుడల్లా లేచి ఏడ్చావు.

కాణిపాకం వినాయకుడి ఎదుట ఎవరూ అబద్ధం ప్రమాణం చేయరు. నిన్ను అక్కడికి తీసుకువెళ్లి ఏదో అడుగుతానని కాదు, ఊరికే గుర్తొచ్చింది.

కనుక ఈక దొరక్కపోతే పాత టూత్‌బ్రష్షుతో అలాగే రాసి చూడు. ఇంజను వేడిగా ఉంటుంది, చున్నీ దగ్గరికి రానివ్వకు. రబ్బరు బాగానే ఉంటే నాలుగైదు కిలోమీటర్లు తిప్పి, వేడెక్కాక ఎయిర్ స్క్రూ మెల్లగా చివరిదాకా బిగించి ఒకటిన్నర చుట్లు విప్పు. మన బండికి విప్పేకొద్దీ గాలి పెరుగుతుంది. చేయి వదిలినప్పటి వేగాన్ని పెంచే స్లో స్క్రూ ఒక్కటే తిప్పి బండి నిలబడింది కదా అని మురిసిపోకు. లోపల రోగం ఉంచి పైకి బాగున్నట్టు నడిపిస్తే ఒకరోజు నడిరోడ్డు మీద ఇంజను బిగుసుకుపోయి సీజ్ అవుతుంది. చేతిలో ఆరు నెలల ఖర్చుకు డబ్బు ఎప్పుడూ ఉంచుకోవాలని చెప్పాను, ఉంచావా? బండి గురించి రాస్తూ ఇందులోకి వచ్చాను, పోనీ.

మొన్న పెళ్లిలో పాకాల పిన్ని "హేమ పని మానేసిందటగా" అంది. బండి బాగాలేక వెళ్లడం లేదని చెప్పాను. నోటికి అదే వచ్చింది. మీ అమ్మకు ఇంకా తెలియదు. తెలిసినా ఏమీ అనదు, సంగటి చేసి పెడుతుంది.

దేనికీ లొంగకపోతే, ఇంజనులోకి గాలి చొరనివ్వని మ్యాగ్నెట్ వైపు ఆయిల్ సీలు చూడాలి. అది అక్కడ ఎవరిచేతా విప్పించకు. బండిని రైల్లో పార్శిల్ వేసి నువ్వు బస్సులో రా. ఏపీ 03 నంబరు బండి, దానికి ఈ ఊరు తెలుసు. ఎన్నాళ్లయినా ఉండవచ్చు, మీ ఇద్దరూ.

కొత్త రబ్బరు, ప్లగ్, నిమ్మకాయ ఊరగాయ బస్సులో పంపుతున్నాను. ఊరగాయ సీసాకు రెండు కవర్లు చుట్టాను, నిలబెట్టి తెరువు. ప్లగ్ రంగు చూసి ఫోను చెయ్యి. మంగళవారం పదకొండు గంటలకైనా ఫర్వాలేదు.

మీ నాన్న