పాత మందులు మళ్ళీ పనిచేయాలంటే ముందు మన వాగుల్ని చూడండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మందులకి లొంగని బ్యాక్టీరియా పొరని దెబ్బకొట్టి పాత యాంటీబయాటిక్స్‌నే మళ్ళీ పనిచేయించే పరిశోధనలు జరుగుతున్నాయి, నాకైతే చాలా ఆశగా ఉంది. ఇ.కోలై, క్లెబ్సియెల్లా లాంటి బ్యాక్టీరియాకి బయట ఇంకో పొర ఉంటుంది, టీబీకి వాడే రిఫాంపిసిన్ లాంటి పెద్ద అణువులున్న మందులు దాన్ని దాటి సరిగా లోపలికి పోలేవు, పోయిన మందుల్ని కూడా చాలావరకు బ్యాక్టీరియాలో ఉండే పంపులు బయటికి తోసేస్తాయి. ఆ పొరని వదులు చేసే ఇంకో మందు తోడు ఇస్తే పాతదే పనిచేస్తుందని 1983లోనే ల్యాబ్‌లో చూపించారు. మన కణాల పొర జోలికి పోకుండా బ్యాక్టీరియా పొరనే కొట్టాలి, అదే కష్టం.

కానీ కొలిస్టిన్ గతి చూడండి. అది కూడా పొరని కొట్టే మందే, ఐసీయూలో ఇంకేదీ పనిచేయనప్పుడు ఇచ్చేది, కిడ్నీలకి రిస్క్ అని తెలిసి కూడా వేరే దారిలేక ఇస్తారు. అలాంటిదాన్ని కోళ్ళు బరువు పెరగాలని దాణాలో కలిపారు! 2015లో చైనాలో ఎంసీఆర్-1 అనే జీన్ బయటపడింది, అది పొరనే మార్చేసి కొలిస్టిన్‌ని పట్టనివ్వదు, పైగా ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పాకుతుంది. మన దగ్గర కోళ్ళకి కొలిస్టిన్ వాడొద్దని కేంద్రం చెప్పింది 2019లో. రేపు వచ్చే కొత్త మందుకీ ఇదే జరగదని గ్యారంటీ ఏంటి?

మన హైదరాబాద్‌కి ఇందులో బాధ్యత ఎక్కువ, ఎందుకంటే బల్క్ డ్రగ్స్ (మాత్రల్లో వాడే అసలు మందు సరుకు) పెద్ద ఎత్తున ఇక్కడ తయారవుతాయి. పటాన్‌చెరు దగ్గర దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థాలు వచ్చే ప్లాంటులో శుద్ధి చేసి వదిలిన నీళ్ళలోనే లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ సైంటిస్టులు 2007లో రాశారు, అంటే ఆ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. ఆ నీళ్ళు అప్పట్లో ఇస్కవాగు, నక్కవాగు మీదుగా మంజీరలోకి పోయేవి. మందు నీళ్ళలో బతకడం నేర్చుకున్న బ్యాక్టీరియా ఆ వాగులోనే ఉండిపోదు కదండీ, పశువులు తాగుతాయి, పొలాలకి పారుతుంది, మనుషుల్లోకి వస్తుంది.

2020 జనవరిలో కేంద్రం ఫ్యాక్టరీ నీళ్ళలో యాంటీబయాటిక్స్‌కి లిమిట్ పెడతామని డ్రాఫ్ట్ ఇచ్చింది, 2021లో ఫైనల్ రూల్స్ వచ్చేసరికి ఆ లిమిట్లే లేవు. ఎందుకు తీసేశారో జనానికి చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2024లో దీనిమీద గైడెన్స్ ఇచ్చేసింది. వ్యర్థజలాలకి ప్రమాణాలు పెట్టే అధికారం 1974 నీటి చట్టం ప్రకారం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి (పీసీబీ) ఉంది, ఢిల్లీ కోసం ఆగక్కర్లేదు. పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల ఫ్యాక్టరీల నీళ్ళలో ఏ యాంటీబయాటిక్ ఎంత ఉందో కొలిచి, కంపెనీ పేరుతో సహా ప్రతినెలా తెలుగులో బయటపెట్టమని పీసీబీని మీ పత్రిక గట్టిగా అడగాలని కోరుతున్నా.

ఇట్లు,
ఒక పాఠకురాలు, మియాపూర్, హైదరాబాద్