అమ్మ పిత్తాశయం స్కానింగ్ గురించి

ప్రియమైన మిత్రమా,

నువ్వు పంపిన అమ్మ స్కానింగ్ రిపోర్టును శ్రద్ధగా చదివాను. పిత్తాశయం గోడ 4 మిల్లీమీటర్ల మందంగా ఉందనీ, లోపల 5 మిల్లీమీటర్ల పాలిప్ (గోడ నుంచి పెరిగే చిన్న బుడిపె) లాంటిది కనిపిస్తోందనీ రాశారు; అది చూసి ఇంటిల్లిపాదీ ఆపరేషన్ దాకా ఆలోచించారని తెలిసి బాధ కలిగింది. అయితే ఆ రోజు ఉదయం అమ్మ కడుపునిండా తిన్న తరువాతే స్కానింగ్ చేశారని నీ ఉత్తరం చివర ఒక్క ముక్క రాశావు. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి అదే.

కాలేయంలో తయారైన పైత్యరసం నిల్వ ఉండే చిన్న సంచి పిత్తాశయం. పరగడుపున అది నిండుగా ఉంటుంది. మనం తినగానే, అందులోనూ కొవ్వున్న ఆహారం తింటే, ముడుచుకుని ఆ రసాన్ని పేగులోకి వదిలేస్తుంది. అల్ట్రాసౌండ్‌లో ద్రవం నల్లగా కనబడుతుంది గనుక, నిండిన పిత్తాశయంలో ఆవగింజంత రాయి ఉన్నా ఆ నలుపులో తెల్లగా బయటపడుతుంది. ముడుచుకున్న పిత్తాశయంలో మామూలు గోడ కూడా మందంగా కనిపిస్తుంది, చిన్న రాళ్లు కంటికి ఆనకుండా పోతాయి. నిండుగా ఉన్నప్పుడు గోడ మందం సాధారణంగా 3 మిల్లీమీటర్లు దాటదు. తిన్న తరువాత కొలిచిన 4ను ఆ లెక్కతో పోల్చడం న్యాయం కాదు. అందుకే 6 నుంచి 8 గంటలు ఏమీ తినకుండా మళ్లీ చేయించమంటున్నాను. అమ్మకు షుగర్ ఉంది కాబట్టి, ఆ ఉదయం మాత్రలు వేసుకోవాలా మానాలా అన్నది డాక్టరును ముందే అడిగి తెలుసుకో.

ఇక ఆ పాలిప్ మాట. రాయి అయితే తెల్లగా మెరుస్తూ, శబ్ద తరంగాలను తన వెనక్కు పోనివ్వకుండా అడ్డుకుంటుంది. దానివల్ల దాని వెనుక నల్లని నీడ పడుతుంది. పాలిప్ గోడకు అంటుకుని ఉంటుంది, నీడ వేయదు. చిక్కబడిన పైత్యరసం మడ్డిలా అడుగున పేరుకుంటుంది, దానికీ నీడ ఉండదు. చిక్కల్లా ఏమిటంటే, మరీ చిన్న రాయికి ఒక్కోసారి నీడ సరిగా పడదు, ఉండకట్టిన మడ్డి పాలిప్‌లా భ్రమ కలిగిస్తుంది. అప్పుడు తేల్చేది కదలిక. మొదట వెల్లకిలా పడుకోబెట్టి చూసి, తరువాత ఎడమ పక్కకు ఒత్తిగిలమని, అవసరమైతే లేచి కూర్చోమని చెప్పి, గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టించి, పక్కటెముకల కింద ప్రోబ్ (స్కానింగ్ చేసే చేతి పరికరం) ఆనించి మళ్లీ చూడాలి. రాయి దొర్లుతుంది, మడ్డి మెల్లగా జారుతుంది, పాలిప్ ఉన్నచోటే ఉంటుంది. పిత్తాశయం మెడలో, అంటే దాని సన్నని చివరి భాగంలో, ఇరుక్కున్న రాయి మాత్రం కదలదు. మెడ భాగాన్ని ఓపికగా వెతకకపోతే అది తప్పిపోయే ప్రమాదముంది. అమ్మను పక్కకు తిప్పి చూశారో లేదో రిపోర్టులో లేదు. ఈసారి అడిగి చేయించు.

ఒకవేళ నిజంగా పాలిపే అయినా, 5 మిల్లీమీటర్ల వాటిలో ఎక్కువ భాగం గోడలో కొలెస్ట్రాల్ పేరుకోవడం వల్ల వచ్చేవే. సాధారణంగా 10 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటేనే పిత్తాశయం తీసేయమని సలహా ఇస్తారు. చిన్నవాటి విషయంలో వయసు, ఇతర జబ్బులు, ఆకారం చూసి, కొంతకాలం తరువాత మళ్లీ కొలవాలా అన్నది నిర్ణయిస్తారు.

గోడ మందమైనంత మాత్రాన పిత్తాశయం వాచిందని కూడా అనుకోకు. కాలేయ వ్యాధి, గుండె బలహీనత, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గడం, డెంగీ జ్వరం, వీటన్నిటిలోనూ గోడ ఉబ్బుతుంది. అసలైన వాపులో రాయితో పాటు గోడ మందం, పిత్తాశయం ఉబ్బడం, దాని చుట్టూ నీరు చేరడం కనిపిస్తాయి. వాటితో పాటు, ప్రోబ్‌ను సరిగ్గా పిత్తాశయం మీద నొక్కినప్పుడే రోగి నొప్పితో ఉలిక్కిపడతాడు, పక్కన నొక్కితే అంత నొప్పి ఉండదు. దీన్ని మర్ఫీ లక్షణం అంటారు. నాకు ఈ పరీక్ష మీద ఎనలేని గౌరవం, ఎందుకంటే తెర మీద చూస్తున్న అవయవమే నొప్పికి మూలమని అప్పటికప్పుడు తెలుస్తుంది. కాకపోతే నొప్పి మాత్ర వేసుకుని వెళ్లినవారిలోను, షుగర్ ఉన్న కొందరిలోను ఆ నొప్పి మందగించవచ్చు. అందుకని మాత్ర వేసుకుని ఉంటే స్కానింగ్ చేసేవారికి ఆ మాట తప్పక చెప్పండి.

పిత్తాశయంలోని రాళ్లను పట్టడంలో అల్ట్రాసౌండ్‌కు సాటి వచ్చే తేలికైన పరీక్ష లేదు. పైత్యరసాన్ని పేగుకు చేర్చే పిత్తనాళంలోకి జారిన రాళ్ల విషయంలో అంత భరోసా ఇవ్వలేను. నాళం కింది భాగాన్ని పేగులోని గాలి కప్పేస్తుంది. కళ్లు పచ్చబడినా, రక్తపరీక్షలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పెరిగినా, స్కానింగ్ బాగుందని ఊరుకోకుండా ఎంఆర్‌సీపీ (పిత్తనాళాలను చూపే ఎంఆర్ఐ స్కానింగ్) అవసరమేమో డాక్టరును అడగాలి. జ్వరంతో పాటు కుడి డొక్కలో తగ్గని నొప్పి వస్తే ఈ రెండో స్కానింగ్ కోసం ఆగవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లు. అలాంటివేమీ లేకపోతే ఈ వారంలోనే పరగడుపున చేయించి, కొత్త రిపోర్టుతో పాటు చిత్రాలు కూడా పంపు. పాత చిత్రాల పక్కన పెట్టి చూసి రాస్తాను.

అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

నీ మిత్రుడు