నల్లని బిళ్ల మీద నిలిచిన అయస్కాంతం

సంపాదకుల వారికి,

అధిక ఉష్ణోగ్రత అతివాహకతపై, అంటే పాత అతివాహకాలకన్నా తక్కువ చలిలోనే కొన్ని పదార్థాలు విద్యుత్ నిరోధాన్ని పూర్తిగా కోల్పోయే గుణంపై, మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివి, ఆ రంగంలో ఏళ్ల తరబడి పనిచేసినవాడిగా ఈ మాటలు రాస్తున్నాను. 1987లో ఇట్రియం, బేరియం, రాగి కలిసిన ఆక్సైడు 93 కెల్విన్‌ల వద్ద, అంటే సున్నాకు దిగువన 180 డిగ్రీల సెల్సియస్ వద్ద, విద్యుత్ నిరోధాన్ని పూర్తిగా కోల్పోవడం గొప్ప మలుపు. ఎందుకంటే 77 కెల్విన్‌ల వద్ద మరిగే ద్రవ నత్రజనితోనే ఆ చలి సాధ్యమవుతుంది. అతివాహకం అయస్కాంతాన్ని పైకి నెడుతుంది; ఆ ఆక్సైడుతో నేను కొలిమిలో కాల్చి, తర్వాత చల్లబరిచిన నల్లని బిళ్ల మీద చిన్న అయస్కాంతం మొదటిసారి గాలిలో నిలిచినప్పటి ఆనందం నేటికీ తగ్గలేదు. ఆక్సిజన్ పాలు బాగా తగ్గితే అదే బిళ్ల అతివాహకత కోల్పోతుంది. నా నెలల శ్రమ అలా ఎన్నోసార్లు వృథా అయింది. అతివాహకతకు మూలం ఎలక్ట్రాన్లు జతకట్టడమే. పాత అతివాహకాలలో అవి జతకట్టే తీరును 1957లోనే వివరించారు గాని, ఈ రాగి ఆక్సైడ్లలో వాటిని జతపరుస్తున్నదేమిటో అందరూ అంగీకరించే సమాధానం ఇంకా లేదు. మన కళాశాలల్లో దీన్ని ఇంకా తేలని ప్రశ్నగానే బోధించాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర పరిశోధకుడు,
తిరుపతి