మధ్యాహ్నం పలకని స్టార్టర్ల గురించి, మా అంగడి ఖాతాదారులకు

సంక్రాంతి తర్వాత మా దగ్గర వైర్‌లెస్ మోటరు స్టార్టర్ కొన్నవాళ్ళ కోసం రాస్తున్నాను. పొద్దున ఏడింటికి బటన్ నొక్కితే చీనీ తోటలో మోటరు టక్కున ఆన్ అవుతోందని, మధ్యాహ్నం రెండింటికి పదిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదని మీలో చాలామంది ఫోన్ చేశారు. నేనేమో ఏరియల్ కాస్త తిప్పండి, పైపు ఎత్తు పెంచండి, అడ్డమొచ్చే కొమ్మలు కొట్టించండి అని చెప్తూ వచ్చాను. తప్పు నా డబ్బాలోనే ఉంది. ధర్మవరం దారిలో ఒక పెద్దాయన నా మాట నమ్మి ఇంటి ముందు వేపచెట్టు పెద్ద కొమ్మ కొట్టించేశారు. ఆ దారిన పోవాలంటేనే నాకు తల కొట్టేసినట్టుంది.

మిద్దె మీది డబ్బాలోంచి బోరు దగ్గరికి సిగ్నల్ పంపే ట్రాన్స్‌మిటర్ వేడెక్కేకొద్దీ నీరసపడుతుంది. ట్రాన్సిస్టర్ ఎంత మంచిదైనా వేడికి దాని గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే బలం, పడిపోవాల్సిందే. అందుకని బోర్డు మీద మిరియం గింజంత థర్మిస్టర్ పెడతాం. వేడికి దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, దాన్ని బట్టి సర్క్యూట్ బయాస్, అంటే ట్రాన్సిస్టర్‌ను నడిపే కరెంటు, కొంచెం పెంచుతుంది, పడిన పవర్ మళ్ళీ లేస్తుంది. నాలుగేళ్ళు ఇదే సర్క్యూట్ మన అనంతపురం ఎండల్లోనే నడిచింది. ఈసారి బెంగళూరు నుంచి సప్లయర్ పంపిన థర్మిస్టర్లే వేరు.

ఈ ముక్క కొంచెం సాగదీస్తాను, నా కడుపుమంట ఇంకా చల్లారలేదు. థర్మిస్టర్‌కు రెండు లెక్కలుంటాయి. 25 డిగ్రీల దగ్గర ఎన్ని ఓమ్‌లు అన్నది ఒకటి, వేడికి ఎంత జోరుగా దిగుతుందో చెప్పే బీటా ఇంకొకటి. నేను అడిగింది 10 కిలో ఓమ్‌లు, బీటా 3950. బిల్లు మీద కూడా అదే ఉంది. వచ్చిన సరుకు మాత్రం బీటా 3435. 25 డిగ్రీల దగ్గర రెండూ 10 కిలో ఓమ్‌లే చూపిస్తాయి కాబట్టి, సరుకు దిగిన రోజు నేను చల్లపూట మీటర్ పెట్టి ఒక్కొక్కటీ చూసుకుని కూడా పట్టుకోలేకపోయాను. చివరికి ఒక సాయంత్రం పాతదీ కొత్తదీ పలుచని కవర్లలో చుట్టి, టీ గ్లాసులో 60 డిగ్రీల నీళ్ళు పోసి ముంచి, రెండు మీటర్లు ముందు పెట్టుకుని కూర్చున్నా. పాతది రెండున్నర కిలో ఓమ్‌లకు దిగింది. కొత్తది మూడు దగ్గరే ఆగింది. నమ్మబుద్ధి కాక నీళ్ళు మార్చి మళ్ళీ చూశా, అంతే. ఎండలో డబ్బా లోపల 60 డిగ్రీలంటే మన దగ్గర పెద్ద మాటేమీ కాదు. ఆ అర కిలో ఓమ్ తేడాకే బయాస్ చాలినంత పెరగక, సిగ్నల్ పవర్ 100 మిల్లీవాట్లు రావాల్సిన చోట 55 వస్తోంది.

సప్లయర్‌ను అడిగితే "పది అడిగావు, పదే ఇచ్చాం, మీటర్ పెట్టి చూసుకో" అన్నాడు. చూసుకున్నానయ్యా, అదే కదా నా ఏడుపు! డబ్బు వెనక్కి రాలేదు. ఇక అడగను కూడా.

సరైన థర్మిస్టర్ మార్చి ఇచ్చేస్తే చాలు కదా అని ఇంట్లోవాళ్ళు అన్నారు. నాకు మూడు రాత్రులు నిద్ర లేదు. థర్మిస్టర్ వేడిని చూసి అంచనా కడుతుందంతే, ఏరియల్‌కు నిజంగా ఎంత పోతోందో దానికేం తెలుసు? రేపు ఇంకో సరుకులో ఇంకో తేడా వస్తే మళ్ళీ మీ చెట్ల మీద పడాలా? అందుకే ఏరియల్‌కు పోయే పవర్‌నే కొలిచి, తగ్గితే పెంచి, పెరిగితే దించే సర్క్యూట్ వేస్తున్నాను. కొలిచే డయోడ్ కూడా వేడికి మారుతుంది, డిగ్రీకి ఒకటి రెండు మిల్లీవోల్టులు. పక్కనే అలాంటిదే ఇంకో డయోడ్‌ను సిగ్నల్ తగలకుండా పెట్టి దాని లెక్క తీసేస్తాం, కాటా మీద ఖాళీ గోతం బరువు తీసేసి శనక్కాయల తూకం చూసినట్టు.

దీంట్లో ఒక ఇబ్బంది ఉంది. ఎండలో పెంచుకోవడానికి కొంత చేతిలో ఉంచుకోవాలి కాబట్టి పవర్‌ను 80 మిల్లీవాట్ల దగ్గర కట్టేశాను. పొద్దునపూట ఇంతకుముందు 100 వచ్చేది, ఇప్పుడు 80. "పవర్ తగ్గించి అంటగడుతున్నాడు" అని ఎవరో అన్నారని అప్పుడే నా చెవిన పడింది. అడ్డం లేని చోట 100 నుంచి 80కి దిగితే దూరం పదో వంతు తగ్గుతుంది, 55కి పడితే నాలుగో వంతు పోతుంది. మనకు బోరుకు కరెంటిచ్చేది పగలే కదా, రెండింటికి పలకని 100 ఎవరికి కావాలి?

సిమ్ కార్డు స్టార్టర్ చెయ్యొచ్చు కదా అని కొందరంటున్నారు. చెయ్యను. మొండితనం అనుకున్నా సరే.

పెద్దాయన డబ్బా మొదట మార్చాను, ఎండలో నేనే పోయి మిద్దె ఎక్కి. సరిగ్గా రెండింటికి నొక్కితే మోటరు పలికింది. ఆయన నవ్వలేదు. "సరేలే సామీ, మంచం ఇప్పుడు యాడేసుకోవాలో చెప్పు" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

మిగతావాళ్ళు డబ్బాలు గడియార స్తంభం దగ్గరి అంగడికి తీసుకురండి, పైసా ఇవ్వక్కర్లేదు, గ్యారంటీ కాగితం పోయినా పర్వాలేదు. కళ్యాణదుర్గం, ఉరవకొండ వైపు ఆదివారాలు నేనే వస్తాను. ఈ తేడా సరుకు అయిపోయేదాకా అమ్ముకోమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు, ఆ బోర్డులన్నీ పక్కన పడేశాను, కాబట్టి ఈ నెలంతా కొత్త స్టార్టర్లు ఉండవు. డబ్బా విప్పి తెచ్చేటప్పుడు ముందు స్విచ్ ఆపండి, ఏరియల్ పీకేసి మాత్రం ఆన్ చేసి చూడకండి, ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు.