ముల్లు తప్పు చూపిస్తే మీటర్ మార్చేయడమేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

బండిలో ఫ్యూయల్ మీటర్ తప్పు చూపిస్తోందంటే చాలామంది ముందు మీటరే మార్పించేస్తున్నారు, తేడా ఎక్కువసార్లు ట్యాంకు లోపలే ఉంటుందని చెప్పేవాళ్ళు తక్కువ, అందుకే ఈ ఉత్తరం. ట్యాంకులో పెట్రోల్ మీద తేలే ఫ్లోట్ ఒకటుంటుంది, అది పైకీ కిందకీ కదిలితే దానికున్న చెయ్యి రెసిస్టర్ పట్టీ (కరెంటుని కొంత అడ్డుకునే పట్టీ) మీద జరుగుతుంది, ఆ అడ్డు (రెసిస్టెన్స్) ఎంతుందో దాన్ని బట్టే ముల్లు లేస్తుంది, పడుతుంది. పట్టీ అరిగితే ముల్లు ఎగిరెగిరి పడుతుంది. ఫ్లోట్ కి చిల్లు పడి మునిగిపోయిందా, ట్యాంకు ఫుల్లుగా ఉన్నా ఖాళీ అనే చూపిస్తుంది! ఒక్కోసారి ఎర్త్ వైరు తుప్పు పట్టడమే కారణం, శుభ్రం చేస్తే సరిపోతుంది. వాలులో బండి ఆపి ముల్లు చూసి కంగారుపడటం కూడా అనవసరం, పెట్రోల్ ఒక పక్కకి పోతుంది కదా.

రిపేర్ అయ్యేదాకా ట్రిప్ మీటరే దిక్కు. ఫుల్ కొట్టించి సున్నా చేసుకోండి, మళ్ళీ ఫుల్ కొట్టించినప్పుడు తిరిగిన కిలోమీటర్లని పట్టిన లీటర్లతో భాగిస్తే మైలేజీ వస్తుంది. పంపుతో ఇంజిన్ కి పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్ బండ్లైతే ట్యాంకు అడుగంటేదాకా నడపొద్దు, చాలావాటిలో పంపు పెట్రోల్ లోనే మునిగి ఉండి దానితోనే చల్లబడుతుంది.

రిజర్వ్ లైటు వెలిగాక ఎన్ని లీటర్లు మిగులుతుందో కంపెనీలు మూత దగ్గరే స్టిక్కర్ వేస్తే ఏం పోతుంది? మాన్యువల్ ఎవరు చదువుతారండీ. మీ ఆటో పేజీలో ఈ విషయం కాస్త గట్టిగా అడగండి.

ఇట్లు,
మీ పాఠకుడు